విరిగిన కొక్కెం, తిరిగొచ్చిన పవర్

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మన అరచేతిలో ఉండే ఒక చిన్న ఎముక చరిత్ర చెప్తాను. ఆ ఎముక నా ఆటని దాదాపు ఆపేసింది. అందుకే దాని గురించి ఇంత చదివాను.

ముందు ఒక పని చేయండి. ఎడమ అరచెయ్యి తెరిచి చూడండి. చిటికెన వేలి నుంచి కిందికి, మణికట్టు దాకా రండి. అక్కడ గుండ్రంగా చిన్న ఎముక ఒకటి తగులుతుంది. మనకి కావాల్సింది అది కాదు. దానికి కొంచెం పైన, అరచేతి లోపలి వైపు, కండ కింద లోతుగా ఇంకోటి ఉంది. గట్టిగా నొక్కితేనే తెలుస్తుంది. దాని పేరు హామేట్. లాటిన్‌లో కొక్కెం ఉన్నది అని అర్థం. నిజంగానే ఆ ఎముక నుంచి చిన్న కొక్కెం ఒకటి అరచేతి వైపు పొడుచుకుని ఉంటుంది. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకల్లో ఇదొకటి.

ఇప్పుడు నా కథ. మాది చిత్తూరు వైపు చిన్న ఊరు. డిగ్రీ మొదటి సంవత్సరంలో కాలేజీ సాఫ్ట్‌బాల్ టీమ్‌లో నేను నాలుగో నంబర్ బ్యాటర్ని. సాఫ్ట్‌బాల్ తెలియని వాళ్లకి చెప్తున్నా, నాలుగో నంబర్ అంటే దూరం కొట్టేవాళ్ల స్థానం. ముందు వెళ్లినవాళ్లు బేస్‌ల మీద నిలబడి ఉంటారు, మనం గట్టిగా కొట్టి వాళ్లని హోమ్‌కి చేర్చాలి.

ఒక సాయంత్రం ప్రాక్టీస్‌లో ఒంటి మీదికి వచ్చిన బంతికి బ్యాట్ తిప్పాను. సగంలో ఆపుదామనుకున్నా, ఆగలేదు. ఎడమ అరచేతి మొదట్లో కరెంటు షాక్ కొట్టినట్టయింది. బ్యాట్ కింద పడేశాను. ఐదు నిమిషాల తర్వాత మళ్లీ తీసుకున్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఆట మాన్పిస్తారు. ఆడపిల్లకి ఈ ఆటలెందుకు అని అంతకుముందే రెండుసార్లు గొడవైంది. ఇరవై రోజుల్లో రాష్ట్ర సెలెక్షన్స్ ఉన్నాయి. మా అవ్వ మాత్రం కనిపెట్టేసింది. "ఏమే, చెయ్యి అట్ల పట్టుకున్నావు? పుత్తూరు పోయి కట్టు కట్టించుకొద్దాం పా" అనింది. మా వైపు ఎముక దెబ్బ అంటే ముందు గుర్తొచ్చేది పుత్తూరే కదా. "ఏం లేదవ్వా, తలుపు తగిలింది" అని చెప్పాను. పుత్తూరూ పోలేదు, డాక్టర్ దగ్గరికీ పోలేదు. నొప్పి మాత్ర వేసుకుని ఇరవై రోజులు ఆడాను.

సెలెక్షన్స్‌లో నాలుగు బంతులు ఆడాను. నాలుగోసారి బ్యాట్ చేతిలోంచి జారి పోయింది. అంతే.

ఆ తర్వాత డాక్టర్ ఎక్స్‌రే తీసి బెణికింది అన్నారు. ఇంకో నెలకి ఇంకో డాక్టర్ బొటనవేలితో సరిగ్గా ఆ చోటే నొక్కారు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. సీటీ స్కాన్ తీస్తే కొక్కెం విరిగి పక్కకి ఉంది. ఈ విరుగుడు మామూలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. చేతిని ప్రత్యేకమైన కోణంలో పెట్టి తీయాలి, లేదా సీటీ తీయాలి. కొక్కేనికి రక్తం సరఫరా తక్కువ, అందుకే తనంతట తాను అతుక్కోవడం కష్టం. ఆటగాళ్లకి చాలాసార్లు ఆ విరిగిన ముక్కని తీసేస్తారు. నాకూ తీసేశారు.

మూడు నెలలకి గ్రౌండ్‌కి వెళ్లాను. నొప్పి లేదు. చెయ్యి బాగానే ఉంది. బంతి మాత్రం పోవట్లేదు. ముందు అవుట్‌ఫీల్డ్ దాటించిన షాట్ ఇప్పుడు షార్ట్‌స్టాప్ చేతిలో పడుతోంది. పీఈటీ సార్ ఏమీ అనలేదు, లిస్టులో నా పేరు నాలుగు నుంచి ఎనిమిదికి దించారు. ఆ రాత్రి ఫోన్ పట్టుకుని ఒకటే వెతికాను: ఈ ఎముక విరిగిన బ్యాటర్లకి పవర్ తిరిగొస్తుందా, రాదా? అట్లా మొదలైంది ఈ చరిత్ర.

ముందు ఆట సంగతి. సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని చికాగోలో పుట్టింది. థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజు ఫర్రాగట్ బోట్ క్లబ్‌లో కొందరు కుర్రాళ్లు యేల్, హార్వర్డ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఫలితం కోసం కాచుకుని కూర్చున్నారు. ఫలితం వచ్చాక సంబరంలో ఒకడు బాక్సింగ్ గ్లవ్ విసిరాడు, ఇంకోడు కర్రతో కొట్టాడు. అక్కడున్న జార్జ్ హాంకాక్ ఆ గ్లవ్‌నే తాడుతో బంతిలా కట్టి, నేల మీద సుద్దతో గీతలు గీసి ఆట మొదలుపెట్టించాడు. చేతిని కాపాడే గ్లవ్ నుంచి పుట్టిన ఆట ఇది. కానీ చేతుల మీద దీనికి పెద్ద దయేమీ లేదు. చికాగోలో ఇప్పటికీ 16 అంగుళాల చుట్టుకొలత ఉన్న పెద్ద బంతితో, గ్లవ్స్ లేకుండా ఆడతారు. అక్కడ పాత ఆటగాళ్ల వేళ్లు వంకర్లు తిరిగి ఉండటం మామూలే.

సాఫ్ట్‌బాల్ అనే పేరు 1926లో వచ్చింది. పేరు చూసి మెత్తటి బంతి అనుకోవద్దు. ఇప్పుడు మనం ఆడే 12 అంగుళాల బంతి దాదాపు 178 నుంచి 198 గ్రాములు ఉంటుంది. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములే. పైగా క్రికెట్ పిచ్ 66 అడుగులు, మహిళల సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్ నిలబడేది 43 అడుగుల దూరంలో. మంచి పిచ్చర్ వేస్తే అర సెకను కూడా దొరకదు. ఆ లోపలే చూడాలి, నిర్ణయించుకోవాలి, తిప్పాలి.

మరి కొక్కెం ఎందుకు విరుగుతుంది? బ్యాట్ చివర చూడండి. చేతిలోంచి జారకుండా ఒక గుండు ఉంటుంది, దాన్ని నాబ్ అంటారు. కుడిచేతి వాటం బ్యాటర్‌కి కింద ఉండేది ఎడమ చెయ్యి. ఆ చేతి మొదట్లోనే నాబ్ ఆనుకుని ఉంటుంది. వేలసార్లు తిప్పితే వేలసార్లు అక్కడే కొడుతుంది. ఒకరోజు స్వింగ్ మధ్యలో ఆపబోతేనో, బంతి తప్పు చోట తగిలితేనో కొక్కెం విరుగుతుంది. క్రికెట్ బ్యాట్ పిడికి అలాంటి గుండు ఉండదు. అందుకే క్రికెట్ ఎక్కువగా ఆడే మన దగ్గర ఈ దెబ్బ గురించి తెలిసినవాళ్లు తక్కువ.

ఇక బ్యాటర్ల దగ్గరికి వద్దాం. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండూ అన్నదమ్ముల్లాంటి ఆటలు. బ్యాట్ పట్టే పద్ధతి, నాబ్, కొక్కెం అన్నీ ఒకటే. బేస్‌బాల్‌లో ప్రతి షాట్ లెక్క రాసిపెడతారు కాబట్టి దెబ్బకి ముందు, దెబ్బ తర్వాత పవర్ ఎంతో మనకి తెలుస్తుంది. అందుకే అక్కడ వెతికాను.

నాకు ముందు దొరికిన పేరు హోసే కాన్సెకో. 1988లో ఒకే సీజన్లో 42 హోమ్‌రన్లు కొట్టి, 40 బేస్‌లు దొంగిలించాడు. అంతకుముందు నలభై నలభై ఎవరూ చేయలేదు. 1989లో ఎడమ చేతి హామేట్ విరిగింది. 1991లో 44 హోమ్‌రన్లు. చూశారా, పవర్ తిరిగొచ్చింది అని ఎగిరి గంతేశాను. తర్వాత తెలిసింది, 2005లో అతనే పుస్తకం రాసి స్టెరాయిడ్స్ వాడానని ఒప్పుకున్నాడు. మరి ఆ 44లో చెయ్యి ఎంత, మందు ఎంత? ఎవరు చెప్పగలరు? మనకి అనుకూలంగా ఉందని సాక్ష్యాన్ని తీసుకోకూడదు. అతన్ని నా లిస్టులోంచి తీసేశాను.

రెండో పేరు కెన్ గ్రిఫీ జూనియర్. ఇతను ఎడమచేతి వాటం బ్యాటర్. అంటే కింద ఉండేది కుడి చెయ్యి. 1996లో విరిగింది సరిగ్గా కుడి చేతి హామేటే. దాదాపు ఇరవై మ్యాచ్‌లు పోయాయి. అయినా ఆ సీజన్ 49 హోమ్‌రన్లతో ముగించాడు. 1997లో 56 కొట్టి అమెరికన్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఇది చదివి ఇంకా భయం వేసింది నాకు. ఆయన వెంటనే కొట్టేశాడు, నాకెందుకు రావట్లేదు?

మూడో పేరు నన్ను నిలబెట్టింది. పాబ్లో సాండోవాల్, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు. రెండు వైపులా బ్యాటింగ్ చేస్తాడు. అంటే పిచ్చర్‌ని బట్టి ఒక్కోసారి ఒక్కో చెయ్యి కిందికి వస్తుంది. అందుకేనేమో 2011లో ఒక చేతి హామేట్, 2012 మే నెలలో రెండో చేతి హామేట్ విరిగాయి. 2012 సీజన్ మొత్తం మీద కొట్టింది 12 హోమ్‌రన్లే. అంతకుముందు ఏడాది 23. పవర్ పోయిందనే ఎవరైనా అంటారు. కానీ అదే ఏడాది అక్టోబర్ 24న, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో, ఒక్క రాత్రి మూడు హోమ్‌రన్లు కొట్టాడు. వాటిలో రెండు ఆ కాలంలో అందరూ భయపడే పిచ్చర్ జస్టిన్ వెర్లాండర్ బంతుల్లో. వరల్డ్ సిరీస్‌లో ఒకే మ్యాచ్‌లో మూడు కొట్టినవాళ్లు అప్పటికి బేబ్ రూత్, రెజీ జాక్సన్, ఆల్బర్ట్ పూహోల్స్ మాత్రమే.

ఇంకా నెమ్మదిగా వచ్చినవాళ్లూ ఉన్నారు. జియాన్‌కార్లో స్టాంటన్‌కి 2015 జూన్‌లో ఎడమ హామేట్ విరిగింది. అప్పటికి 74 మ్యాచ్‌ల్లో 27 హోమ్‌రన్లు. ఆ సీజన్ అక్కడితో అయిపోయింది. 2016లో 119 మ్యాచ్‌లు ఆడితే వచ్చినవి కూడా 27. మ్యాచ్‌లు పెరిగాయి, హోమ్‌రన్లు పెరగలేదు. ఆ ఏడాదే ఆపేసి లెక్క చూస్తే కథ ముగిసినట్టే. 2017లో కొట్టినవి 59.

తొందరపడితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. మైక్ ట్రౌట్ ఈ తరం గొప్ప బ్యాటర్లలో ఒకడు. 2023 జులైలో ఎడమ హామేట్ విరిగింది. ఆగస్టులో తిరిగొచ్చి ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు. నొప్పి తగ్గలేదు, మళ్లీ పక్కకి వెళ్లాడు, సీజన్ అంతటితో సరి. ప్రపంచంలో దొరికే మంచి వైద్యం ఉన్నవాడికే అలా అయింది. నేను నొప్పి మాత్రతో ఇరవై రోజులు ఆడాను మరి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నేను చెప్పిన పేర్లన్నీ తిరిగొచ్చినవాళ్లవే. తిరిగి రానివాళ్ల గురించి ఎవరూ రాయరు. కాబట్టి అందరికీ వస్తుందని నేను చెప్పట్లేదు. నేను చెప్పేది ఒకటే: మొదటి సీజన్లో పవర్ కనపడకపోతే అది పోయినట్టు కాదు. చెయ్యి మానడానికి ఒక గడువు, పవర్ రావడానికి ఇంకో గడువు. ముక్క తీసేశాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆటకి వెళ్లొచ్చని డాక్టర్లు సాధారణంగా చెప్తారు. ఆ మాట ఆట గురించి. పవర్ గురించి కాదు.

ఎందుకిలా? మా ఇంటి బావి గిలక మీద నాకు ఇది అర్థమైంది. తాడు గిలక మీద వంగి పోతేనే బిందె తేలిగ్గా పైకి వస్తుంది. ఉంగరం వేలిని, చిటికెన వేలిని ముడిచే నరాల్లాంటి తాళ్లు, అంటే టెండాన్లు, ఈ కొక్కేన్ని ఆనుకుని వంగి వెళ్తాయి. కొక్కెం వాటికి గిలక. అది తీసేస్తే ఆ రెండు వేళ్ల పట్టు కొంచెం తగ్గుతుంది. అరచేతిలో కోసిన చోట చాలా రోజులు సుకుమారంగా కూడా ఉంటుంది. అందుకని మనకి తెలియకుండానే రెండు పనులు చేస్తాం. భయంతో బ్యాట్‌ని బిగించి పట్టుకుంటాం. కాళ్లు, నడుము వాడకుండా చేతులతోనే నెడతాం.

పవర్ చేతుల్లో పుట్టదు. నేల నుంచి కాలికి, కాలి నుంచి నడుముకి, నడుము నుంచి భుజానికి, చివరికి చేతికి వస్తుంది. చెయ్యి చేసేది పట్టుకోవడం, సరైన క్షణంలో వదిలి తిప్పడం. ముంజేయి బిగిస్తే బ్యాట్ వేగం పడిపోతుంది. నా షాట్లు షార్ట్‌స్టాప్ చేతిలో పడింది కొక్కెం లేకపోవడం వల్ల కాదు. నేను ఇంకా దెబ్బ తగిలిన మనిషిలా తిప్పుతున్నందువల్ల.

సాఫ్ట్‌బాల్ చరిత్రలో ఈ విషయం ఇద్దరు ఆడవాళ్లు బాగా చూపించారు. ఒకరు మిషెల్ స్మిత్. ఆమె పిచ్చర్, మంచి బ్యాటర్ కూడా. 1986లో నాన్న నడుపుతున్న ట్రక్కులో నిద్రపోతుండగా తలుపు తెరుచుకుని బయట పడిపోయింది. బంతి వేసే ఎడమ చేతి మోచేతి ఎముకలో ముక్క పోయింది, వెనక కండరం ఊడిపోయింది. ఏడాది తిరక్కుండా మళ్లీ మైదానంలోకి వచ్చింది. పదేళ్లకి, 1996లో, సాఫ్ట్‌బాల్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు బంగారు పతకం గెలిచిన అమెరికా టీమ్‌లో ఉంది. 2000లో మళ్లీ గెలిచింది.

రెండో ఆవిడ అదే టీమ్‌లో షార్ట్‌స్టాప్, డాట్ రిచర్డ్‌సన్. ఆమె ఎముకల డాక్టర్. అప్పటికి లాస్ ఏంజెలెస్‌లో ఆర్థోపెడిక్ రెసిడెన్సీ చేస్తోంది, సెలవు పెట్టి ఒలింపిక్స్‌కి వచ్చింది. చైనాతో ఫైనల్లో రెండు పరుగుల హోమ్‌రన్ కొట్టింది. అది ఫౌల్ అని చైనా వాళ్లు గట్టిగా వాదించారు, అంపైర్లు ఒప్పుకోలేదు. అమెరికా 3-1తో గెలిచింది. అప్పుడామెకి 34 ఏళ్లు. పతకం తీసుకుని మళ్లీ హాస్పిటల్ డ్యూటీకి వెళ్లిపోయింది. ఎముక ఎలా విరుగుతుందో, ఎలా మానుతుందో తెలిసిన మనిషి బ్యాట్ పట్టుకుంటే అలా ఉంటుంది. నా గోడ మీద ఇప్పటికీ ఉన్న ఫొటో ఆమెదే.

మరి నేనేం చేశాను? కాలేజీకి దగ్గరలో ఉన్న ఫిజియో అక్క చెప్పినట్టు మళ్లీ మొదటి నుంచి వచ్చాను. మొదట వేళ్లు ముడవడం, తెరవడం. తర్వాత చపాతీ పిండి పిసకడం, ముఖ్యంగా ఆ రెండు వేళ్లతో. అవ్వకి ఇదే బాగా నచ్చింది, "ఇన్నాళ్లకి ఒక పని చేస్తాండావు" అనింది. తర్వాత బంతి లేకుండా ఖాళీ స్వింగ్‌లు. తర్వాత టీ మీద పెట్టిన బంతి. తర్వాత పక్కనుంచి మెల్లగా వేసిన బంతి. చివర్లో అసలు పిచ్చర్. నొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి. బ్యాట్‌ని కూడా ఒక అంగుళం పైకి పట్టుకున్నా, నాబ్ అరచేతిలో గుచ్చుకోకుండా. ఇప్పుడు గొడ్డలి కామ ఆకారంలో పిడి ఉన్న బ్యాట్లు కూడా వచ్చాయి. నాబ్ అరచేతి వైపు పొడుచుకోకుండా వాలుగా ఉంటుంది. మూకీ బెట్స్ 2018లో అలాంటి బ్యాట్‌తోనే ఆడి అత్యుత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. మన ఊళ్లో కట్టెలు కొట్టేవాళ్లకి ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. గొడ్డలి కామ చివర గుండ్రటి గుండు ఎవరూ పెట్టరు కదా.

రెండో సీజన్లో, మూడో మ్యాచ్‌లో ఒక బంతి సెంటర్ ఫీల్డర్ తల మీదుగా వెళ్లింది. హోమ్‌రన్ కాదు, రెండు బేస్‌లే. సెకండ్ బేస్ మీద నిలబడి నా అరచెయ్యి చూసుకున్నాను. సార్ స్కోర్ పుస్తకం మూసి నవ్వారు. రాష్ట్ర టీమ్‌లోకి మాత్రం నేను ఎప్పుడూ రాలేదు. ఆ ఇరవై రోజులు దాచకపోయుంటే వచ్చేదాన్నేమో, తెలీదు.

అందుకే ఈ ఎపిసోడ్. మీలో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్, హాకీ, టెన్నిస్ ఆడేవాళ్లు ఉంటారు. చిటికెన వేలి కింద, అరచేతి మొదట్లో నొప్పి వారం దాటితే దాచకండి. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి పోకపోతే, ఆ చోటు చూపించి, బ్యాట్ పట్టుకున్నప్పుడే వస్తోందని డాక్టర్‌కి చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పుంటే నాకు నెల కలిసొచ్చేది. ఇంట్లో ఆట మాన్పిస్తారని భయమైతే మీ పీఈటీ సార్‌కో, మేడమ్‌కో ముందు చెప్పండి, వాళ్లు వచ్చి ఇంట్లో మాట్లాడతారు. అమ్మానాన్నలు ఎవరైనా వింటుంటే మీకూ ఒక మాట. దెబ్బ తగిలిందని పిల్ల చెప్తే ముందు హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, ఆట సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. ఆట మాన్పిస్తారని తెలిస్తే పిల్ల మానేది ఆట కాదు, మీకు చెప్పడం.

సాఫ్ట్‌బాల్ 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి మళ్లీ వస్తోంది. అప్పుడు ఎవరైనా బ్యాటర్ స్వింగ్ తర్వాత ఎడమ చెయ్యి విదిలించుకుంటే, లోపల ఏముందో మీకు తెలుసు.

ఉంటాను మరి. చేతులు జాగ్రత్త.